ఎడమచేతి నత్త: నిర్మల్ కొండల్లో దొరికే 6.6 కోట్ల ఏళ్ల గుల్ల కథ

అచ్యుతాపురం నుంచి ఒక తమ్ముడు మనకి ఫొటో పంపాడు. తెల్లటి చెకుముకి లాంటి రాయి, అందులో బొటనవేలంత నత్తగుల్ల. పూర్తిగా రాయి అయిపోయింది. "అన్నా, దీని నోరు ఎడమవైపు ఉంది. దక్షిణావర్త శంఖమా? రేటెంత వస్తుంది?" అని అడిగాడు. రేటు సంగతి పక్కన పెడదాం. ప్రశ్న మాత్రం సూపర్.

ముందు ఇది ఎక్కడిది? పూడిమడక బీచ్ పక్కనే ఉంది కాబట్టి సముద్రంలోంచి వచ్చిందని వాళ్ల ఫ్రెండ్స్ అన్నారట. కాదు. అచ్యుతాపురం చుట్టూ ఉన్న కొండలు ఖొండలైట్, చార్నొకైట్ రాళ్లు. భూమి లోపల చాలా లోతున ఉడికి తయారైనవి. పైగా వాటి వయసు గుల్లలున్న జంతువులు పుట్టకముందుది. వాటిలో నత్త ఉండే ఛాన్సే లేదు. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పాడు: రాళ్లు ఏరే సరదాతో నిర్మల్ వైపు వెళ్లినప్పుడు చెలకలో దొరికిందట. ఆ ఒక్క మాటతో సగం పని అయిపోయింది!

మీరూ ఒక నత్తగుల్ల తీసుకోండి. మొన పైకి, నోరు మీ వైపు పెట్టండి. చాలావాటికి నోరు కుడివైపు ఉంటుంది. మనం పూజలో పెట్టే మామూలు శంఖం కూడా అంతే. ఎప్పుడో ఒకటి ఎడమకు తిరిగి పుడుతుంది, దాన్నే దక్షిణావర్తం అని అంత రేటుకి అమ్ముతారు. పేరులో దక్షిణం ఉందని కన్ఫ్యూజ్ అవకండి, మనవాళ్లు శంఖం పట్టుకునే తీరు వేరు. కానీ ఫైసా అనే మంచినీటి నత్తల కుటుంబంలో అందరూ ఎడమచేతి వాటమే. అక్వేరియంలో పిలవకుండా వచ్చి చేరే చిన్న నత్తలు ఉంటాయి చూడండి, అవి వీటి చుట్టాలే. తమ్ముడి గుల్ల ఎక్కువగా ఫైసా ప్రిన్సెపీలా ఉంది. ఫొటో చూసి ఇంతకంటే గట్టిగా చెప్పను.

ఇప్పుడు అసలు హిస్టరీ. మద్రాసు సైన్యంలో మాల్కమ్‌సన్ అనే డాక్టర్ ఉండేవాడు. నిర్మల్, ఉట్నూరు వైపు కొండల్లో తిరిగి ఇలాంటి గుల్లలు ఏరాడు. 1840లో లండన్‌లో అచ్చయిన ఆయన వ్యాసంలో సోవర్బీ అనే గుల్లల నిపుణుడు ఈ నత్తకి పేరు పెట్టాడు. ఎవరి పేరో తెలుసా? అశోకుడి బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరు! అదే ఏడాది ప్రిన్సెప్ చనిపోయాడు కూడా.

మంచినీటి నత్త లావా రాళ్ల మధ్యకి ఎలా వచ్చింది? దక్కన్ లావా ఒకేసారి పారలేదు. ఒక పొర పారి చల్లారేది, దాని మీద చెరువులు ఏర్పడేవి, నత్తలు, నాచు బతికేవి. మళ్లీ లావా వచ్చి కప్పేసేది. ఆ మధ్య పొరల్లోనే ఈ గుల్లలు. పైనున్న నల్లరేగడి కూడా ఆ లావా రాయి అరిగిందే.

మరి ఆ లావా ఎప్పటిది? దీని మీద నూరేళ్లకు పైగా గొడవ. 1860లో నాగపూర్ మిషనరీ హిస్లాప్ నాగపూర్, రాజమండ్రి గుల్లల్ని చూసి, డైనోసార్ల కాలం తర్వాతదే అన్నాడు. మిగతావాళ్లు ఒప్పుకోలేదు. మన నత్త ఆ గొడవ తీర్చలేకపోయింది, ఎందుకంటే చెరువు నత్త సముద్రపు లెక్కతో కలవదు. సమాధానం గోదావరి దగ్గర దొరికింది. రాజమండ్రి చుట్టుపక్కల, కాతేరు, గౌరీపట్నం క్వారీల్లో లావా పొరల మధ్య సముద్రపు మట్టి ఉంది. గెర్టా కెల్లర్ టీమ్ 2008లో అందులో కంటికి కనిపించని సముద్ర జీవుల గుల్లలు చూపించింది. అవి డైనోసార్లు పోయిన వెంటనే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద బతికినవి. అంటే కింది లావా ఆ వినాశనం టైముకే పారిపోయింది. ఉల్కా, అగ్నిపర్వతాలా అనే గొడవలో మన గోదావరి క్వారీ సాక్షి అన్నమాట!

ఆ సాక్ష్యమంతా నిలబడింది ఏ గుల్ల ఏ పొరలోది అనే వివరం మీదే. అందుకే తమ్ముడికి రిప్లై పెట్టాను: అమ్మకు, కడిగి పాలిష్ చేయకు, ముందు ఆ చెలక లొకేషన్ ఫోన్‌లో సేవ్ చేసి, తేదీ రాసిన చీటీతో డబ్బాలో పెట్టు. దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంట్‌కి చూపించు. నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ వచ్చింది. పిన్ పంపాడు, కింద ఒక లైన్: "అన్నా, అక్కడ ఇంకా చాలా ఉన్నాయి, ఏరలేదు."