కాగితపు తూటాలు: వెల, విలువ

పాత యిండ్ల అటకలమీదను, భోషాణముల యడుగునను ఇత్తడి మడమగల కాగితపు గొట్టము లొక్కొక్కప్పుడు బయల్పడుచుండును. వీనినే తూటాలనియు, కార్తూసులనియు నందురు. పిల్లలు వీనిని ఆటవస్తువులుగా నెంతురు. పెద్దలు పాతసామాను తక్కెడలో వేయుదురు. మొదటిదానివలన ప్రాణమునకును, రెండవదానివలన చరిత్రకును హాని.

మైనము పట్టించిన మందపు కాగితమును గొట్టముగాఁ జుట్టి, అడుగున ఇత్తడి తొడుగు బిగింతురు. తొడుగు నడుమ రంజకపు టోపీ, లోపల తుపాకిమందు, దానిపై ఉన్నిబిళ్ల, ఆపైన సీసపు గుండ్లు నుండును. తుదకు పలుచని అట్టబిళ్ల నుంచి అంచును లోనికి మడతురు. వానకాలమున కాగితము చెమ్మకు ఉబ్బి తుపాకిలో దూరకుండుట దీని ప్రధానదోషము. 1960లో అమెరికాలో రెమింగ్టనువారు ప్లాస్టిక్కు తూటాలు తెచ్చిన పిమ్మట కాగితపువి క్రమముగా వెనుకబడినవి.

కాలనిర్ణయమునకు ఇత్తడి మడమయే శాసనము. లండనులోని ఈలీ సంస్థ 1828లోను, బర్మింగుహాములోని కైనాకు 1862లోను వెలసినవి. ఇవి చేరిన నోబెల్ సంస్థ 1926లో ఐ.సి.ఐ.లో విలీనమయ్యెను, కావున ఆ యక్షరములున్న తూటా అంతకు పూర్వపుది కాఁజాలదు. కె.ఎఫ్. అను గుర్తు పూనా చెంతనున్న ఖడ్కీ కర్మాగారమునకుఁ జెందినది. అట్టబిళ్లమీది యంకె గుండ్ల పరిమాణమును తెలుపును. అంకె పెరిగినకొలది గుండు చిన్నది. ఇంగ్లీషు కొలతలో 6వ నంబరు గుండ్లు ఔన్సునకు 270. అచ్చు చెడక, అసలు పెట్టెతోఁ గూడియున్న వానికే సేకర్తలు మంచి వెల కట్టుదురు.

వెల వేరు, విలువ వేరు. హుజూర్‌నగరము, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల సీమలో తుపాకి యన్నది వేటవినోదము మాత్రమే కాదు. నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో 1946 జూలై 4న దేశముఖు మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ప్రజలచేత నప్పుడు వడిసెలలు, గుతుపలు, గడీలో తుపాకులు. సాయుధపోరాటమునకు 1947 సెప్టెంబరు 11న పిలుపు వచ్చిన పిదప గడీల తుపాకులు కొన్ని రైతుల చేతికిని వచ్చెను. పోరాటము 1951 అక్టోబరులో విరమింపఁబడెను. కనుక ఒక తూటా దొర వేటదో, బెదిరింపుదో, దళముదో మడమ చెప్పఁజాలదు. ఏ యూర, ఏ యింట, ఎవరి పెట్టెలో దొరకెనో, ఆ యింటి ముసలమ్మ యేమి చెప్పెనో వ్రాసియుంచినచో నదియే సాక్ష్యము. ఆ సాక్ష్యము మన తాతకుఁ బ్రతికూలముగా నున్నను దాచరాదు. వంశగౌరవమునకై సత్యమును కప్పిపుచ్చు నలవాటు మానినగాని మనకు నిజమైన చరిత్ర యలవడదు.

ఇంకొక మాట. టోపీమీద సూదిగుంట కనబడినను తూటా ఖాళీ యని నమ్మరాదు. పేలక మిగిలినదానికిని గుంట యుండును. నోరు మూసియున్నదానిని విప్పరాదు, కొట్టరాదు, ఎండఁబెట్టరాదు. లైసెన్సు లేక మందుగుండు నుంచుకొనుట 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి నేరము. దానిని కదల్పక పోలీసువారికిఁ దెలుపవలెను. తూటాను వారికి విడిచినను, దాని కథను మాత్రము ఇంటి పుస్తకములో నిలుపుకొనవలెను.