గుడారాలు తిన్న బూజు

ఖమ్మం మిర్చి రైతుకు ట్రైకోడెర్మా కొత్త పేరేమీ కాదు. ఎండు తెగులు రాకుండా ఆ పొడిని మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి గోనెసంచి కప్పి, వారం పదిరోజులు నీడన ఉంచి చేలో చల్లుతాడు. ఆ బూజుకు దగ్గరి చుట్టమొకటి జీన్స్ ప్యాంట్లను మెత్తబరిచే ఎంజైమునిస్తోంది.

ఆ చుట్టం బయటపడింది రెండో ప్రపంచయుద్ధంలో. సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు ఇట్టే చివికిపోతుంటే, కారణమైన బూజుల్ని ఏరి నంబర్లు వేశారు. వాటిలో క్యూఎం6ఎ ఒకటి. మొదట దాన్ని ట్రైకోడెర్మా విరిడె అనే అనుకున్నారు, అంటే మన మిర్చి చేలోదే! వేరని తేలాక, దానిపై ఏళ్లతరబడి పనిచేసిన ఎల్విన్ రీస్ పేరిట 1977లో ట్రైకోడెర్మా రీసై అయింది. చివికిపోవడం ఆపడానికి మొదలైన పరిశోధన, నూలును చివికించే ఎంజైమైన సెల్యులేజ్‌నే సరుకు చేసింది. ఈ జాతి నుంచి పరిశ్రమలు వాడే రకాలన్నీ ఆ ఒక్క బూజు సంతానమే.

ఎంజైముల కోసం పంట వ్యర్థాలపై బూజు పెంచడం అంతకన్నా పాత విద్య. అమెరికాలో స్థిరపడ్డ జపాన్ రసాయనవేత్త జొకిచి తకమినే గోధుమ పొట్టుపై కోజీ బూజు పెంచి, పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైముకు 1894లో పేటెంటు పొందాడు. పార్క్-డేవిస్ కంపెనీ దాన్ని అజీర్ణం మందుగా అమ్మింది.

పద్ధతి చూడ్డానికి తేలికే. పొట్టు తడిపి, ఆవిరిపట్టి, చల్లారాక బూజు విత్తనం కలిపి ట్రేలలో పలచగా పరుస్తారు. కొన్నాళ్లకు అది తెల్లగా అల్లుకుని గడ్డకడుతుంది. చిదిపి, నీళ్లలో నానబెట్టి వడకడితే ఎంజైము దిగుతుంది. మందంగా పరిస్తే మాత్రం తడి గడ్డివాములా లోపల వేడెక్కి బూజే చస్తుంది. ఫ్యాక్టరీలు ద్రవపు ట్యాంకులవైపు మళ్లడానికి ఈ వేడీ ఒక కారణం.

బూజు ఎంజైములకు కాగితం తయారీలోనూ పనుంది. భద్రాచలం పక్కనే సారపాక కాగితం మిల్లు 1979 నుంచి నడుస్తోంది. 2002లో అక్కడ గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ వాయువు వాడటం మానేశారు. క్లోరిన్ రసాయనాలను తగ్గించడానికి ఇంకో దారిని ఫిన్లాండ్ పరిశోధకులు 1986లోనే చూపారు: ముందుగా గుజ్జుకు జైలనేజ్ ఎంజైము పట్టించడం. దాన్నిచ్చే బూజులకు మొక్కజొన్న బెండ్లు మంచి మేత. బెండ్లకు ఖమ్మం జిల్లాలో కరువు లేదు. కాకపోతే లారీ నిండా ఎత్తినా బరువు తూగవు, కిరాయే మింగేస్తుంది. చేలకు దగ్గర్లో షెడ్డు వేస్తేనే గిట్టుబాటు.

ఇంకో చిక్కూ ఉంది. జైలనేజ్‌తోపాటు సెల్యులేజ్ కలిసొస్తే అది కాగితపు నారనే కొరికేస్తుంది. అందుకే ఈ పనికి సెల్యులేజ్ దాదాపు ఇవ్వని రకాలనే ఏరుకుంటారు.