ఫ్యామిలీ డాక్టర్‌ కావాలంటే... చేరే ముందే చూసుకోవాలి

ఉప్పల్‌, నాచారం: ఎంబీబీఎస్‌ పూర్తిచేసి ఉప్పల్‌, నాచారం, హబ్సిగూడ ప్రాంతాల ఆస్పత్రుల్లో డ్యూటీ డాక్టర్లుగా పనిచేస్తూ, కుటుంబ వైద్యంలో స్థిరపడాలనుకునే యువ వైద్యులు ముందుగా గ్రహించవలసింది ఒకటుంది. ఫ్యామిలీ మెడిసిన్‌ పేరుతో ఉన్న కోర్సులన్నీ ఒకే కోవకు చెందవు. కొన్నింటిని వైద్య మండలిలో అదనపు అర్హతగా నమోదు చేసుకోవచ్చు. మరికొన్ని విషయ పరిజ్ఞానానికే పరిమితం. ఈ తేడా తెలియక చేరితే రెండేళ్ల శ్రమ, వేలు లక్షల ఫీజు వెచ్చించినా స్పెషలిస్టు హోదా దక్కదు.

ఇక్కడ అవసరమెంతో
రెండు పారిశ్రామికవాడలు, వాటి చుట్టూ కార్మికుల బస్తీలు, మధ్యతరగతి కాలనీలు ఉన్న ప్రాంతమిది. బీమా ఉన్న కార్మికులకు నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రి అండగా ఉంది. 2018లో నగరంలో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. అయినా తండ్రి మధుమేహం, తల్లి రక్తహీనత, బిడ్డ టీకాలు, అవ్వ మోకాళ్ల నొప్పులు ఒకేచోట చూసి, ఎవరిని ఎప్పుడు పెద్దాస్పత్రికి పంపాలో నిర్ణయించే వైద్యుడి అవసరం తీరలేదు. ఫ్యామిలీ మెడిసిన్‌ ఎండీ వంటి కోర్సులను ప్రోత్సహించాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం సైతం సూచించింది.

గుర్తింపు ఉన్న మార్గాలు
* ఎండీ: వైద్య కళాశాలల్లో మూడేళ్ల కోర్సు. దేశవ్యాప్తంగా సీట్లు తక్కువ.
* డీఎన్‌బీ: 1975లో ఏర్పాటై, 1982 నుంచి స్వతంత్ర సంస్థగా ఉన్న నేషనల్‌ బోర్డు ఆఫ్‌ ఎగ్జామినేషన్స్‌ నిర్వహిస్తుంది. బోర్డు గుర్తించిన ఆస్పత్రుల్లో ఎంబీబీఎస్‌ తర్వాత మూడేళ్ల శిక్షణ ఉంటుంది.
* డిప్లొమా: ఇదే బోర్డు 2020లో ప్రారంభించిన రెండేళ్ల డిప్లొమా కోర్సుల్లో ఫ్యామిలీ మెడిసిన్‌ కూడా ఉంది.

ప్రవేశం నీట్‌ పీజీ ద్వారానే
ఈ మూడింటికీ నీట్‌ పీజీ ర్యాంకే ఆధారం. 2025 ఆగస్టు 3న జరిగిన పరీక్షలో 200 ప్రశ్నలకు మూడున్నర గంటల సమయమిచ్చారు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ప్రశ్నపత్రం 40 ప్రశ్నల చొప్పున అయిదు భాగాలు. ఒక్కో భాగానికి 42 నిమిషాలు. గడువు ముగిసిన భాగంలోకి తిరిగి వెళ్లే వీలుండదు. కనుక నమూనా పరీక్షలను కూడా భాగాలవారీగా గడియారం పెట్టుకుని రాయడం మేలు.
విదేశాల్లో ఎంబీబీఎస్‌ చదివినవారిలో అత్యధికులు ముందుగా ఎఫ్‌ఎంజీఈలో 300 మార్కులకు 150 సాధించవలసి ఉంటుంది. ఇందులో తప్పు జవాబుకు కోత లేదు.

తుది పరీక్ష ఎలా?
డీఎన్‌బీ థియరీలో వంద మార్కుల చొప్పున నాలుగు పేపర్లుంటాయి. మొత్తం మీద 50 శాతం వచ్చినవారే ప్రాక్టికల్స్‌కు అర్హులు. థీసిస్‌ ఆమోదం పొందనిదే డిగ్రీ చేతికి రాదు. దీన్ని చివరి ఏడాదికి వాయిదా వేయడమే చాలామంది చేసే పొరపాటు. అంశం చేతికందేదిగా ఉండాలి. ఉదాహరణకు, కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు చేసేవారిలో రక్తపోటు అదుపు ఎలా ఉందన్నది ఈ ప్రాంతానికి తగిన అంశం. నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి.
మెడిసిన్‌, పిల్లల వైద్యం, ప్రసూతి, సర్జరీ తదితర విభాగాల్లో తిరిగేటప్పుడు ప్రతి విభాగం నుంచి ఓపీలో తరచూ కనిపించే పది సమస్యలను నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఏ లక్షణం ప్రమాద సూచిక, ఎప్పుడు రిఫర్‌ చేయాలి, ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్పాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు పక్కనే ఉండాలి. క్షయ నిర్మూలన, టీకాలు వంటి జాతీయ కార్యక్రమాల మార్గదర్శకాలు చదవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి వెలువరించిన ఆహార మార్గదర్శకాలు రోగులకు సలహా చెప్పడానికీ పనికొస్తాయి.

బోర్డు పెట్టే ముందు
దూరవిద్య డిప్లొమాలు, విదేశీ సభ్యత్వ పరీక్షల వల్ల జ్ఞానం పెరగవచ్చు. అయితే ఫీజు కట్టేముందే ఆ అర్హత నమోదుకు పనికొస్తుందా అని తెలంగాణ వైద్య మండలిలో విచారించాలి. డీఎన్‌బీలో చేరేవారు ఆస్పత్రికి ఫ్యామిలీ మెడిసిన్‌లో గుర్తింపు ఉందా, అది ఎప్పటివరకు చెల్లుతుందో బోర్డు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.
2002 వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఆ విభాగంలో ప్రత్యేక అర్హత లేనివారు స్పెషలిస్టుగా చెప్పుకోరాదు. క్లినిక్‌లోనూ, మందుల చీటీపైనా రిజిస్ట్రేషన్‌ నంబరు ఉండాలి. పీజీ పట్టా రాగానే దాన్ని మండలిలో నమోదు చేయించి, ఆ తర్వాతే బోర్డుపై రాయించుకోవాలి.