కరెంటు బిల్లులో పాత బాకీలు

కరెంటు బిల్లు పెరిగింది, తప్పెవరిది అంటే మనవాళ్ళు టక్కున ఒక ముఖ్యమంత్రి పేరు చెప్తారు. ఏ పేరు చెప్తారనేది ఎవరికి ఓటేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను కొన్నేళ్ళుగా ఊళ్ళో మా నాన్నగారి ఇంటి బిల్లు ఆన్‌లైన్లో కడుతున్నాను. వాడిన యూనిట్లకి పడ్డ డబ్బు ఒక వరసలో ఉంటుంది. దాని కింద ట్రూ-అప్ అని, ఎఫ్.పి.పి.సి.ఎ. అని ఇంకొన్ని వరసలుంటాయి. నన్నడిగితే తప్పెవరిదో వెతకాల్సింది ఆ కింది వరసల్లో. కానీ వాటి సంగతి తెలియాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

1959లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డుకి అసలు జబ్బు 1980ల మొదట్లో పట్టుకుంది. పొలాల్లో మోటార్లకి మీటర్లు చదవడం మానేసి, హార్స్ పవర్‌కి ఏడాదికి ఇంత అని కట్టించుకోవడం మొదలైంది. ఎన్టీఆర్ హయాంలో అది 50 రూపాయలు. రైతుకి మేలే జరిగింది, కాదనను. బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో మనందరికీ తెలుసు. కానీ మీటరు పోవడంతో లెక్క కూడా పోయింది. లైన్లలో పోయిన కరెంటు, పట్నంలో కొక్కేలేసి లాగిన కరెంటు, ఫ్యాక్టరీలో మీటరు తిప్పేసి కొట్టేసిన కరెంటు... అన్నిటినీ "వ్యవసాయ వినియోగం" అనే ఒక్క పద్దులో రాసెయ్యడానికి వీలు కుదిరింది. లాగ్స్ ఆపేసిన సర్వర్లో తప్పెక్కడ జరిగిందో ఎవరు చెప్పగలరు?

ఆ తర్వాత 1991 వచ్చింది. బోర్డుల దగ్గర డబ్బు లేదు కాబట్టి ప్రైవేటు వాళ్ళు ప్లాంట్లు కడతారన్నారు. వాళ్ళని రప్పించడానికి కేంద్రం 1992లో ఇచ్చిన హామీ ఏంటంటే, ప్లాంటు 68.5 శాతం లోడు మీద నడిస్తే చాలు, పెట్టిన పెట్టుబడి మీద 16 శాతం లాభం గ్యారంటీ. అంతకంటే ఎక్కువ నడిస్తే పైన బోనస్. బ్యాంకు కూడా ఇవ్వని భరోసా అది! మన దగ్గర జేగురుపాడు, కాకినాడ గ్యాస్ ప్లాంట్లు ఆ పద్ధతిలో వచ్చినవే. ఒప్పందంలో స్థిర చార్జీ అని ఒకటుంటుంది. ప్లాంటు సిద్ధంగా ఉండి మనం కరెంటు తీసుకోకపోయినా అది కట్టాల్సిందే. మహారాష్ట్రలో ఎన్రాన్ దభోల్ ఇదే దారిలో వెళ్ళి 2001లో మూతబడింది. మనకి అంత రచ్చ కాలేదు గానీ, ఇరవై ముప్ఫై ఏళ్ళ పాటు మనల్ని కట్టిపడేసే ఒప్పందాల మీద అయిదేళ్ళకోసారి మారే ప్రభుత్వాలు సంతకాలు పెట్టే అలవాటు అప్పుడే మొదలైంది.

బోర్డుని ముక్కలు చెయ్యమని హితేన్ భయ్యా కమిటీ 1995లో చెప్పింది. 1998లో సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరి 1న జెన్‌కో, ట్రాన్స్‌కో, ఆ మరుసటి ఏడాది నాలుగు డిస్కంలు వచ్చాయి. వెనకాల ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది, మొదటి విడత 21 కోట్ల డాలర్లు. వీటితో పాటే విద్యుత్ నియంత్రణ మండలి పుట్టింది. ఇకనించి రేటు మంత్రి కాదు, మండలి నిర్ణయిస్తుందన్నారు. ఆలోచన మంచిదే. కానీ 2000లో మండలి మొదటి ఆర్డరు వచ్చి ఇళ్ళ బిల్లులు ఒక్కసారిగా పెరిగితే, జనానికి మండలి ఎక్కడ కనిపిస్తుంది? చంద్రబాబే కనిపించాడు. కాంగ్రెస్, వామపక్షాలు రోడ్డెక్కాయి. 2000 ఆగస్టు 28న అసెంబ్లీ వైపు వెళ్తున్న ఊరేగింపు మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. కరెంటు చార్జీల కోసం ప్రాణాలు పోవడమేంటి అని ఇప్పటివాళ్ళకి వింతగా ఉండొచ్చు, హైదరాబాదులో ఆ రోజుల్లో ఉన్నవాళ్ళకి అది ఇంకా మానని గాయం.

బషీర్‌బాగ్ తర్వాత మన నాయకులందరూ, పార్టీలతో పని లేకుండా, నేర్చుకున్న పాఠం ఒకటుంది. చార్జీలు పెంచకూడదని కాదు. "చార్జీలు పెంచాం" అని కనిపించకూడదని!

2004 మే 14న వైఎస్ మొదటి సంతకం ఉచిత విద్యుత్ మీద పెట్టాడు. ఆ అయిదేళ్ళూ ఇళ్ళ రేట్లు పెంచలేదని గొప్పగా చెప్పుకున్నారు. నిజమే, పెంచలేదు. మరి కొన్న కరెంటు ఖర్చు పెరిగితే అది ఎక్కడికి పోయింది? పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2010 తర్వాత అది ఇంధన సర్దుబాటు చార్జీ అనే పేరుతో బయటికొచ్చింది. రెండు మూడేళ్ళ కిందట వాడిన కరెంటుకి ఇప్పుడు కట్టమన్నారు. అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళ బాధ వర్ణనాతీతం. ముందు అద్దెకున్నాయన ఏసీ వేసుకుని ఖాళీ చేసి వెళ్ళిపోతే, కొత్తగా చేరిన వాళ్ళు కట్టాలి. వైఎస్ 2009లో చనిపోయాడు కాబట్టి తిట్లు రోశయ్యకీ, కిరణ్‌కుమార్ రెడ్డికీ పడ్డాయి.

దానికి తోడు కేజీ బేసిన్. డి6 గ్యాస్ 2009లో మొదలై, దాన్ని నమ్ముకుని ప్లాంట్లు లేచి, 2013కల్లా ఆ గ్యాస్ కరెంటు ప్లాంట్లకి సున్నా అయింది. ఇందులో ఏ ముఖ్యమంత్రినీ తప్పు పట్టలేం గానీ, 2013 ఏప్రిల్లో చార్జీలు గట్టిగా పెరిగినప్పుడు ఎవరూ గ్యాస్‌ని తిట్టలేదు.

రాష్ట్రం విడిపోయాక కూడా కథ మారలేదు. తెలంగాణలో ఏళ్ళ తరబడి కదపకుండా ఉంచి, 2022 ఏప్రిల్లో ఇళ్ళకి యూనిట్‌కి 50 పైసలు ఒకేసారి పెంచారు. అదే నెలలో ఆంధ్రాలో శ్లాబులన్నీ మార్చేశారు. 30 యూనిట్ల లోపు వాడే పేదింటికి కూడా 1.45 నించి 1.90 అయింది. ట్రూ-అప్ సంగతి ఇంకా విచిత్రం. 2014-19 మధ్య, అంటే చంద్రబాబు ప్రభుత్వంలో, వచ్చిన తేడా 3,669 కోట్లని 2021లో జగన్ ప్రభుత్వంలో వసూలు మొదలెట్టారు. చంద్రబాబు పార్టీ వాళ్ళు రోడ్డెక్కారు. 2022-23, 2023-24 తేడాలు 6,072 కోట్లు, 9,412 కోట్లు. ఇవి జగన్ హయాంలోవి, వసూలు మాత్రం 2024 డిసెంబరు నించి చంద్రబాబు హయాంలో. ఈసారి జగన్ పార్టీ వాళ్ళు రోడ్డెక్కారు. ఎవరి బాకీ మీద వాళ్ళే ధర్నా చెయ్యడం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు :)

మనం దీన్ని టెక్నికల్ డెట్ అంటాం. రిలీజ్ ముందు ఒక అడ్డగోలు ప్యాచ్ వేసి, ప్రమోషన్ తీసుకుని టీమ్ మారిపోయేవాడు ఒకడు. రెండేళ్ళ తర్వాత అర్ధరాత్రి ఫోనెత్తేవాడు ఇంకొకడు. ఇక్కడ దానికి వడ్డీ కూడా ఉంది. ఆలస్యమైనందుకు డిస్కంలు అదీ కలిపి అడుగుతాయి.

కాబట్టి నా లెక్కలో మొదటి ముద్దాయి రైతు కాదు. ఉచితం ఇవ్వదలుచుకుంటే ప్రభుత్వం తన ఖజానా నించి ముందుగా డబ్బు కట్టి ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ స్పష్టంగా చెప్తోంది. ఏ ఏటి ఖర్చు ఆ ఏడే చూపించకుండా ఎలక్షన్ల అవతలికి తోసేసిన ప్రతివాళ్ళూ ముద్దాయిలే, వాళ్ళకి ఆ వీలు కల్పించిన నియంత్రణ మండలితో సహా.

మండలిలో మామూలు వినియోగదారుడు కూడా అభ్యంతరం దాఖలు చెయ్యొచ్చు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ 3,669 కోట్ల ఆర్డరు 2021లో ఆగిపోయింది కూడా పేపర్లలో బహిరంగ ప్రకటన ఇవ్వకుండా, జనం అభ్యంతరాలు వినకుండా ఇచ్చారన్న కారణంతోనే. మళ్ళీ విచారణ జరిపాక 2022లో ఇచ్చిన ఆర్డరులో ఆ మొత్తం దాదాపు 2,900 కోట్లకి దిగింది.