శిలాశాసనము నుండి చేతిఫోను దాకా: చెరువుకట్ట తనిఖీ కథ

2025 ఆగస్టు 30వ తేదీన కుప్పము సమీపమున పరమసముద్రము చెరువు కడ కృష్ణాజలములకు హారతి పట్టిరి. శ్రీశైలము జలాశయము నుండి ఎత్తిపోసిన నీరు హంద్రీ–నీవా ప్రధాన కాలువను విడిచి, పుంగనూరు శాఖాకాలువ వెంట మదనపల్లె, పుంగనూరు మెట్టభూములను దాటి, అందుండి చీలిన కుప్పము శాఖాకాలువలో ప్రవహించి, ఏడువందల కిలోమీటర్లకు మించిన ప్రయాణము పిమ్మట రాష్ట్రపు దక్షిణపు కొసను చేరిన దినమది. తరతరములుగా ఆకాశము వంక చూచి సేద్యము చేసిన యీ సీమకు అది నిజముగా పండుగయే. అయితే ఆ నీటిని పట్టి నిలుపవలసినవి చాలవరకు క్రొత్తగా పోసిన కాంక్రీటు గోడలు కావు. ఎన్నడో పూర్వులు పోసిన మట్టికట్టలు. ఏండ్ల తరబడి ఎండి బీటలువారి, తుమ్మచెట్ల వేళ్లు లోనికి దిగి, ఎలుకలును ఎండ్రకాయలును బొరియలు చేసిన కట్టకు ఒక్కమాటుగా నిండునీరు తగిలినపుడు దాని గర్భమున ఏమి జరుగుచున్నదో కనిపెట్టి చెప్పువాడు కావలెను. అందుచేతనే కట్ట తనిఖీ అను పాతపని యీ మూడు పట్టణముల చుట్టును మరల అత్యావశ్యకమైనది.

ఆ పని ఎంత పాతదో చెప్పుటకు కడప సీమలోని పోరుమామిళ్ల శాసనముకంటె మంచి సాక్ష్యము దొరకదు. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించిన అనంతరాజసాగరము కడ 1369లో నిలిపిన యీ శాసనము, దానఫలమును కీర్తించి ఊరకుండక, ఉత్తమ తటాకమునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను వరుసగా పేర్కొన్నది. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రము నెరిగిన పండితుడు, గట్టిమన్ను గల నేల, కొండల నడుమ రాతితో బిగించిన మిక్కిలి పొడవుకాని కట్ట, నిడుపైన రాళ్లు దొరకు గని, పనితనము తెలిసిన జనసమూహము మొదలగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మిట్ట లేచియుండుట, నీరు స్వల్పమై భూమి విస్తారమగుట, భూమి చాలక నీరు అధికమగుట అనునవి దోషములు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసిన సంగతియు అందు కలదు. దోషములలో మొట్టమొదట నిలిచినది కట్ట ఊరుట. ఆరున్నర శతాబ్దముల తరువాత, చేత ఫోను పట్టుకొని కట్టదిగువన నిలుచు యింజనీరు మొట్టమొదట వెదకునదియు ఆ ఊటనే.

శాసనకర్తకు తెలిసినది ఊరి నీరుగంటికి అనుభవముచే తెలియును. తూము తెరచి మూయుట, మడులకు వంతు పెట్టుట మాత్రమే అతని పని కాదు. వానకాలమున కట్ట పొడవునా నడచి, దిగువ అంచున ఎక్కడ నేల చెమ్మగిల్లెనో, ఎక్కడ పచ్చిక అకాలముగా ఎదిగెనో, మిగులునీరు పొర్లు మొరవ రాళ్లలో ఏది కదలెనో చూచి చెప్పుటయు అతని విధియే. ఊటనీరు తేటగా వచ్చుచున్నంతకాలము భయము తక్కువ. అది బురదయై వచ్చినచో కట్టలోని మన్ను కరగి బయటికి కొట్టుకొనివచ్చుచున్నదని అర్థము. అట్టి చోటనే బుంగ పడును. బుంగ పెరిగి గండి యగుటకు ఒక్క రాత్రి చాలును. ఈ సీమ చెరువులు గొలుసుకట్టు చెరువులగుటచే పైచెరువు తెగిన నీరు క్రింది చెరువుపై పడును. ఒక ఊరి అజాగ్రత్త నాలుగు ఊళ్ల పంటను తీసికొనిపోవును.

ఇట్టి జ్ఞానము మనిషితోనే పోకుండుటకు వ్రాత కావలసివచ్చెను. దశబంధము ఇనాములు పొందినవారు చెరువులను కాపాడవలెనను పూర్వపు ఏర్పాటు సడలి, కుడిమరామత్తు పేర రైతులు చేయవలసిన పనిని 1858 నాటి మదరాసు చట్టముచే బలవంతముగా చేయింపబూనిన తరువాత, 1876–78 నాటి మహాక్షామము రాయలసీమను పీల్చివేసెను. 1883లో మదరాసు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకమును ఆరంభించెను. సర్వే బృందములు చెరువు వెంట చెరువు తిరిగి, కట్ట పొడవు, నిండు నీటిమట్టము, తూము అడుగుమట్టము, మొరవ వెడల్పు, ఆయకట్టు విస్తీర్ణము మొదలగువానిని కొలిచి, ఒక్కొక్క చెరువునకు ఒక్కొక్క చరిత్రపత్రము సిద్ధపరచిరి. ఇట్టిది మన దేశములో జరిగిన గొప్ప లేఖన కార్యములలో ఒకటియని నా అభిప్రాయము; దానికి తగిన కీర్తి రాలేదు.

అయితే అందరికిని ఆ భాగ్యము సమముగా కలుగలేదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలోని తాలూకా. అచటి ప్రభుత్వపు చెరువులు పథకపు లెక్కలోనికి రాదగియుండెను. పుంగనూరును, కుప్పము ప్రాంతమును ఏలిన కంగుందియును ఉత్తరార్కాటు జిల్లాలోని జమీనులు. జమీను చెరువుల మరమ్మతు జమీందారు దయపైనను, రైతుల ఓపికపైనను ఆధారపడియుండెను. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము పిమ్మట అవి ప్రభుత్వపరమైనప్పుడు కట్టలు వచ్చెనుగాని వానితో బాటు పాతకొలతలు వచ్చుట అరుదు. పరమసముద్రము వంటి పేరుగల చెరువులు నేడు నిండుచున్న సీమయందే వ్రాతపూర్వకమైన జ్ఞాపకము పలుచనగుట విచారింపదగిన విషయము.

మరామత్తు శాఖ నడిపిన మరియొక వ్రాత ఎం-బుక్కు, అనగా కొలతల పుస్తకము. పుటలకు ముందుగనే సంఖ్యలుండును. వ్రాసినదానిని గీకి చెరపరాదు, కొట్టివేసి పొడి సంతకము చేయవలెను. క్రింది అధికారి తీసిన కొలతను పై అధికారి స్థలమునకు పోయి మరల కొలువవలెను. రసమట్టము, మూలమట్టము, మట్టపుగుండు, టేపు చేతబట్టి నిలుచున్న మనిషి మాటకు ఆ పుస్తకము కట్టుబాటు తెచ్చిపెట్టెను.

ఇట్టి కట్టుబాటు సడలినచో ఏమగునో 2021 నవంబరు 19న చెయ్యేరు చూపినది. మదనపల్లె దాపున పారు బాహుదయు, పించయు కలిసి చెయ్యేరగును. ఆ నదిపై రాజంపేట చెంతనున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు తెగి, దిగువ గ్రామములు కొట్టుకొనిపోయి, పదులకొలది ప్రాణములు పోయెను. అయిదు గేట్లలో ఒకటి తెరువబడలేదు. చెడిన గేటు ఏ తనిఖీకిని కనబడనిది కాదు. కనబడినది కదిలింపకపోవుటయే పాపము. ఆ డిసెంబరులోనే పెద్ద ఆనకట్టలకు వానలకు ముందొకమారు, వెనుకనొకమారు తనిఖీ చేయవలెనని ఆనకట్టల భద్రతా చట్టము విధించెను. ఆ తనిఖీల వివరములను కేంద్ర జలసంఘము వారి ధర్మ అను అంతర్జాల వ్యవస్థలో నమోదు చేయు వీలును కలదు. ఊరిచెరువులు మాత్రము పెక్కు ఆ చట్టపు ఎత్తుకొలతకు అందవు.

చేతిఫోను ఇచట ఉపకరింపగలదు. ఉపాధిహామీ పనులకు ఇస్రో భువన్ పటముపై స్థలచిహ్నము వేయుట దశాబ్దముగా నడచుచున్నది; పనికి ముందు, నడుమ, తరువాత చిత్రములు తీయుదురు. అక్షాంశ రేఖాంశములును, గడియయును చిత్రమున పడుటచే, ఆ మనిషి ఆ చోటికి పోయినాడనుటకు ఋజువు దొరకును. అయితే పోయినవాడు చూచినాడనుటకు అది ఋజువు కాదు. కూలీల హాజరునకై 2023 జనవరి నుండి దేశమంతట తప్పనిసరి చేసిన ఎన్.ఎం.ఎం.ఎస్. యాపులో, సంబంధములేని చిత్రములను, ఫోటోకే తీసిన ఫోటోలను ఎక్కించుచున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే రాష్ట్రములకు వ్రాయవలసివచ్చెను. ఆ సాధనము ఆశించినది హాజరు; అందువలన దొరకినదియు హాజరు వేషమే.

కావున చెరువుకట్టకు యాపును రూపొందించువారు నీరుగంటి నడకను మొదట పెట్టవలెను. కట్టకు వంద మీటర్ల దూరమునకొక రాయి నాటి, ప్రతిమారు ఆ రాతి కడనే, అదే దిక్కున చిత్రము తీసినచో, గతేటి చిత్రము ప్రక్కన నేటిది పెట్టి బీట పెరిగినదో లేదో ఎవరైనను చెప్పగలరు. అడుగవలసిన ప్రశ్నలు స్వల్పములు: దిగువ అంచు చెమ్మగా నున్నదా, ఊట తేటయా బురదయా, తూము తిరుగుచున్నదా, మొరవకు అడ్డమేమైన కలదా. 1883 పథకపు పత్రములు దొరకిన చెరువులకు ఆ మట్టములను ముందుగ ఎక్కించి, జమీను చెరువులకు క్రొత్తగా లెవెలింగు చేసి పత్రము వ్రాయవలెను. ఎం-బుక్కులోని మరుకొలత నియమము యాపులో గూడ నుండవలెను: తిరుగనివాడు ఆమోదము తెలుపరాదు. మన ఉమ్మడి రాష్ట్రమే 2006 నుండి నేర్పిన సామాజిక తనిఖీ పద్ధతిని బట్టి, ఫోనులో పడిన సంగతిని గ్రామసభలో బిగ్గరగా చదివినచో, "ఆ బుంగ నీవు చూపిన చోట కాదయ్యా, తూముకు ఎడమన ఉన్నది" అని చెప్పగల వృద్ధుడు ఊరి కొకడైన నుండును. అతని మాటయు పేరుతో బాటు దాఖలు కావలెను.

ఈ సీమకు ఈశాన్య ఋతుపవనమును ముఖ్యమే. అక్టోబరు నవంబరులలో వాయుగుండము లేచినచో ఒక్క రాత్రిలో చెరువు నిండును. కాలువనీటితో ముందే సగము నిండియున్న చెరువునకు అట్టి వానను ఇముడ్చుకొను చోటు తక్కువ. అందుచే మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములయందు కాలువకు కలిసిన ప్రతి చెరువుకట్టను సెప్టెంబరు ముగియులోపల ఒకమారు నడచి చూచి, చెట్లవేళ్లు తీయించి, తూము తిప్పి పరీక్షించి, నీరు మొదటిమారు నిండుచున్నన్ని దినములును ఉదయము సాయంకాలము దిగువ అంచును చూచుటకు ఒక మనిషిని జీతమిచ్చి నియమింపవలెను.