పోడు కొండ మీదికి కాఫీ ఎలా వచ్చింది?

ఈ మధ్య ఎక్కడ చూసినా మన అరకు కాఫీ గురించే. 2017లో పారిస్‌లో దుకాణం తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకూ గర్వంగానే ఉంది. కానీ ఆ కప్పు వెనకున్న కొండ కథ మనకి బడిలో ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ పెద్ద పోస్టు, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు పోడు సంగతి. మన పెద్దలు వాలు మీద ఒక చెక్క నరికి, ఎండాక కాల్చి, సామ, చోడి, కంది కలిపి చల్లేవారు. రెండు మూడేళ్లు పండించుకుని ఇంకో చోటికి పోయేవారు. వదిలిన నేల మీద అడవి మళ్లీ లేచేది. ఇప్ప, చింత, పనస, జీలుగు లాంటి తిండిపెట్టే చెట్లని నరక్కుండా ఉంచుకునేవారు. ఇలా తిరగాలంటే చాలా కొండ కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టం సరిగ్గా అక్కడే దెబ్బకొట్టింది. రిజర్వు అని గీత గీసి, లోపల పోడు కొడితే నేరమన్నారు. కలప మాత్రం బయటికి పోతూనే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి అనగానే మనకి అల్లూరి, గాం గంటందొర, మల్లుదొర గుర్తొస్తారు, రోడ్డు పనుల్లో వెట్టి గుర్తొస్తుంది. ఆ కోపంలో పోడు మీద పెట్టిన ఆంక్షలూ ఉన్నాయి. సినిమాల్లో అది కనబడదు లెండి.

గీత గీశాక తిరిగే చోటు తగ్గింది, జనం పెరిగారు. ఏళ్ల తరబడి పడుకోవాల్సిన నేలని మూడు నాలుగేళ్లకే మళ్లీ నరకాల్సొచ్చింది. కొండలు బోడులయ్యాయి. అప్పుడు గిరిజనుల పోడు వల్లే అడవి పోయిందని రాసిపెట్టారు. పోడులో తప్పే లేదని మేం అనం. తిరిగే చోటు లేని పోడు కొండని తినేస్తుంది, నిజమే. ఆ చోటు ఎవరు తీసుకున్నారో కూడా రాయాలి కదా!

ఇక కాఫీ. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి పాములేరు లోయలో మొదట వేశాడంటారు. 1920ల్లో జయపురం రాజావారు అనంతగిరి, ముంచంగిపుట్టు వైపు వేయించారు. స్వాతంత్ర్యం వచ్చాక అటవీశాఖ రిజర్వు అడవుల్లోనే కాఫీ పెంచింది. 1975లో పెట్టిన అటవీ అభివృద్ధి సంస్థ చేతిలో ఇప్పటికీ వేల ఎకరాల తోటలున్నాయి. తమాషా చూడండి: చోడికి పనికిరాని రిజర్వు కాఫీకి పనికొచ్చింది. ఆ తోటల్లో మనవాళ్లు కూలీలు. తోటలు మాకే ఇవ్వండని అడుగుతూనే ఉన్నారు.

ఆ తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి పోడు రైతుల చేతే కాఫీ వేయించాయి. ఇవాళ ఏజెన్సీలో కాఫీ రెండు లక్షల ఎకరాలు దాటింది. దీనివల్ల మేలు జరగలేదంటే అబద్ధం. కాఫీకి నీడ కావాలి. అందుకని బోడికొండల మీద మళ్లీ చెట్లు లేచాయి, మట్టి జారడం తగ్గింది, చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. బాక్సైట్ కోసం కొండలు అడిగినప్పుడు, మా తోటలు, గెడ్డలు పోతాయని జనం అడ్డం నిలబడ్డారు. జెర్రెల తవ్వకాలకి 2015లో ఇచ్చిన 97వ నంబరు జీవో 2019లో రద్దయింది.

కానీ లేచిన చెట్టు ఏది? ఎక్కువగా సిల్వర్ ఓక్. ఆస్ట్రేలియా చెట్టు. నిటారుగా, తొందరగా ఎదుగుతుంది, మిరియాల తీగ చక్కగా పాకుతుంది, కలప అమ్ముడుపోతుంది. కాకపోతే దాని కింద కరక్కాయ లేదు, ఉసిరి లేదు, అడ్డాకు లేదు, ఎలుగుకి పండు లేదు. ఎత్తు మీంచి చూస్తే పచ్చగా ఉంటుంది, లోపలికెళ్తే సంతకి తీసుకెళ్లడానికి ఏమీ దొరకదు. ఇంకోవైపు, అసలైన అడవి ఉన్నచోట కాఫీ వేయాలంటే కింది పొదలన్నీ కొట్టేయాలి, లేచే చిన్న మొక్కలు కూడా అందులోనే పోతాయి. పెద్ద చెట్టు ముసలిదై పడిపోతే దాని జాగాలోకి సిల్వర్ ఓకే వస్తుంది. లెక్కల్లో అది ఇంకా అడవే.

చోడి, సామ తగ్గిన ఇంట్లో ఇప్పుడు రేషన్ బియ్యమే. కాఫీని తినలేం, ధర మన చేతిలో లేదు. 2000 తర్వాత ప్రపంచ మార్కెట్ పడిపోయినప్పుడు కొండమీద మనకీ తగిలింది.

సింహళం సంగతి చూడండి. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లదొరలు అక్కడి కొండల అడవి నరికి వరసగా కాఫీ వేశారు. 1869లో ఆకుతెగులు కనిపించింది, ఇరవై ఏళ్లలో తోటలు ఎండిపోయాయి. అడవి తిరిగి రాలేదు, ఆ జాగాలో తేయాకు వేశారు. మనది నీడ కాఫీ, ఎరువుల మందుల వాడకం తక్కువ, అంత గతి పట్టకపోవచ్చు. అయినా 2025లో అరకు వైపు కాయతొలుచు పురుగు కనబడితే, కాయలన్నీ కోసి వేడినీళ్లలో ముంచి పూడ్చాల్సొచ్చింది. ఒకే పంట మీద కూర్చున్న ఇంటికి అది ఎంత భయమో ఆ ఊళ్లవాళ్లనే అడగండి.

ఇప్పుడు కాఫీ ఇంకా పెంచుతామంటున్నారు, నర్సరీ మొక్కలు వస్తాయి. నీడకి పనస, నేరేడు, ఉసిరి ఇమ్మని గ్రామసభలో మనమే అడగొచ్చు. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకుంది. పట్టా పక్కాగా ఉందో లేదో కూడా చూసుకోండి, తోట మనదే అనుకుని ఊరుకుంటే తర్వాత చిక్కు.

ఈ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు తోటలో ఇంకా నిలబడున్న పాత చెట్ల పేర్లు అవ్వనీ తాతనీ అడిగి రాసుకోండి. తెలుగులో కాదు, కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో, ఇంట్లో ఏ మాటంటే ఆ మాటలో. గ్రూపులో పెడితే అన్ని మండలాలవీ కలిపి ఒక జాబితా తయారుచేస్తాం.