జంట ద్వారపాలకుల చరిత్ర: ఒంటి రైలుదారి నుండి ఈ-మెయిలు వఱకు

పశ్చిమ కనుమల పాదమున నున్న రాజపాళయమునకు 1927లో రైలు వచ్చినది. విరుదునగరము నుండి తెన్కాశికి వేయబడిన ఆ దారి ఒంటిదారి. ఎదురెదురుగా వచ్చు బండ్లు స్టేషనులలో మాత్రమే ఒకదాని నొకటి తప్పించుకొనవలెను. విజయనగర కాలపు వలసలలో దక్షిణమునకు చేరి యిచ్చట స్థిరపడిన తెలుగు రాజుల సంగతి పలువురు వ్రాసియే యున్నారు గనుక దానిని మరల విస్తరింప నక్కఱలేదు. వారిలో పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్‌ను స్థాపించిన పిదప ఈ యూరు నూలు మిల్లుల యూరైనది. సరకు పోవుటకు దారి యెంత ముఖ్యమో, ఉత్తరము వచ్చుటకును దారి అంతియే ముఖ్యమని మిల్లు నడపువారికి వేఱుగ చెప్పవలసినది లేదు.

నేడు నూలు ఆర్డర్లు, సమీపమున ఛత్రపట్టిలో నేయబడు ఆసుపత్రి బ్యాండేజి గుడ్డకు సంబంధించిన ఎగుమతి పత్రములు, బ్యాంకుల వర్తమానములు ఈ-మెయిలుగా నడచుచున్నవి. పెద్ద సంస్థలలో ఆ మెయిలు తిన్నగా గ్రహీత పెట్టెలో పడదు. వాకిట నిలిచిన రక్షణ సర్వరు ముందుగా దానిని పరిశీలించి, వైరసు గలదానిని పట్టి, మోసపు లేఖను వేఱుచేసి, తక్కినదానిని లోనికి విడుచును. ఆ సర్వరు ఆగినచో సంస్థకు రాకపోకలు నిలిచిపోవును గనుక దానికి జంటగా మఱొక సర్వరును నిలుపుదురు. వృత్తివారు ఈ యేర్పాటును హై అవైలబిలిటీ యందురు. వైష్ణవాలయమున జయవిజయులు ఇరుప్రక్కల నిలిచినట్లు ఈ రెండును ఒకే వాకిలిని కాచును. (జయవిజయులు సనకాదులను అడ్డగించినట్లే ఈ సర్వర్లును అప్పుడప్పుడు మంచి మెయిలును ఆపును, అది వేఱు కథ.)

రెండవ సర్వరును కొనుటకు డబ్బు చాలును. అది నిజముగ పనికి వచ్చు స్థితిలో నున్నదా యని దినదినము ఎఱుగుటకు మాత్రము డబ్బు చాలదు. ఈ చిక్కు కంప్యూటర్లతో పుట్టలేదు. దీని మొదలు ఒంటి రైలుదారిలో నున్నది.

1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి ఇంగ్లండులో నార్విచ్ పట్టణము చెంత థోర్ప్ అనుచోట రెండు బండ్లు ఎదురెదురుగ ఢీకొని 25 మంది మరణించిరి. ఆ దారియు ఒంటిదారియే. ఒక కొననుండి ఎక్స్‌ప్రెస్ బండిని వదలుచుండగనే, ఆవలి కొననున్న మెయిలు బండిని పంపుమని టెలిగ్రాఫు వార్త పోయినది. వార్తపై అధికారి సంతకము లేదు. ఐనను గుమస్తా దానిని పంపెను. మెయిలును ఆపుమని పిదప పంపిన వార్తకు, అది బయలుదేరినదని ప్రత్యుత్తరము వచ్చినది. రెండు కొనల వారును అధికారము తమదే యనుకొనిన క్షణమున ఆ ప్రమాదము నిశ్చయమైనది. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. ఒకరి స్థితి యింకొకరికి సరిగా తెలియకపోవుటయే దోషము.

దీనికి విరుగుడుగ ఎడ్వర్డ్ టైయర్ 1878లో జంట పెట్టెల పద్ధతిని కల్పించెను. రెండు స్టేషనులలోను ఒక్కొక్క పెట్టె యుండును. ఆ రెండును విద్యుత్తీగచే కట్టుబడి యుండును. ఒక పెట్టెనుండి బిళ్ళ యొకటి వెలికి వచ్చినచో, అది తిరిగి ఏదో యొక పెట్టెలో చేరువఱకు రెండవ బిళ్ళ ఎచ్చటను బయటికి రాదు. బిళ్ళ చేతలేని డ్రైవరు ఆ దారిలో ప్రవేశింపరాదు. భారతదేశపు ఒంటిదారులలో బహుకాలము వాడుకలో నున్న నీల్ బంతి టోకెన్ యంత్రమునకును సూత్రమిదియే. వెదురు వలయమునకు తగిలించిన సంచిలో టోకెనును ఉంచి, కదలుచున్న ఇంజనునకు అందించు దృశ్యము పాతతరము వారు మఱచియుండరు.

ఇంత పకడ్బందీ యంత్రము నున్నను 1921 జనవరి 26న వేల్స్ దేశమున అబెర్మ్యూల్ వద్ద బండ్లు ఢీకొని 17 మంది చనిపోయిరి. పెట్టెలు తమ పనిని దోషము లేకుండ చేసినవి. స్టేషనుకు వచ్చి నిలిచిన బండి తెచ్చిన బిళ్ళనే, ముందరి దారిదని తలంచి, సిబ్బంది మరల ఆ డ్రైవరుకే యిచ్చివేసిరి. దానిపై చెక్కిన స్టేషను పేర్లను అతడును చదువలేదు. ఎదుటి బండి వద్ద సరియైన బిళ్ళ యుండెను. గుర్తును పరీక్షింపక చేత నుంచుకొనుట వలన కలుగు అపాయమునకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము దొరకుట యరుదు.

కంప్యూటర్లలో జంట పద్ధతి పెద్దయెత్తున మొదట సైనికావసరమునకు వచ్చినది. 1958 నుండి అమెరికా గగనతల రక్షణకై పనిచేసిన సేజ్ కేంద్రములలో ఒకే తీరు మహాయంత్రములు రెండేసి యుండెడివి. ఒకటి పనిచేయుచుండగా రెండవది సిద్ధముగ నుండెడిది. వేలకొలది వాక్యూమ్ ట్యూబులతో నడచు యంత్రము నమ్మదగినది కాదని వారు మొదటనే గ్రహించిరి. వర్తకరంగమున ఈ భావమును అమ్మకపు సరకుగా చేసినది టాండెమ్ సంస్థ. 1976లో వెలువడిన దాని యంత్రములలో ఒక్కొక్క ప్రాసెసరు సెకనునకు ఒకమారు తక్కినవానికి ‘బ్రదికియున్నాను’ అని సందేశము పంపెడిది. సందేశము రాకున్న తోటివి దానిని మృతునిగా లెక్కించి పనిని పంచుకొనెడివి. నేడు హార్ట్‌బీట్ అని పిలువబడు గుండెచప్పుడు ఇట్టిదే. 1998లో వెలువడిన వి.ఆర్.ఆర్.పి. యను నియమము ననుసరించి రెండు యంత్రములు ఒకే చిరునామాను పంచుకొన వచ్చును. ప్రధాన యంత్రము సామాన్యముగ సెకనుకొక ప్రకటన చేయుచుండును. సుమారు మూడు ప్రకటనల కాలము మౌనము కలిగినచో రెండవది ఆ చిరునామాను స్వీకరించును.

టాండెమ్‌లో పనిచేసిన జిమ్ గ్రే 1985లో ఒక నివేదిక వ్రాసెను. తమ యంత్రములు ఆగిన సందర్భములను వర్గీకరించి చూడగా, నూటికి 42 పాళ్ళు మానవ నిర్వహణ వలన, 25 పాళ్ళు సాఫ్ట్‌వేరు వలన, 18 పాళ్ళు మాత్రమే యంత్రభాగముల వలన కలిగినవని తేలెను. జంట యంత్రము కొనుట వలన మూడవదానికే నేరుగా ఉపశమనము. కొనుగోలు పత్రములపై సంతకము చేయువారు ఈ లెక్కను ఒకమారు చూచుట మంచిది.

ఈ-మెయిలు చరిత్రలో జంట సంగతి కొంత విచిత్రముగ నడచినది. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్.ఎమ్.టి.పి. నియమమున ఒక గొప్ప షరతు కలదు. ఉత్తరమును అందుకొన్న సర్వరు ‘250’ అను సంఖ్యను పలికినచో, ఆ క్షణమునుండి ఆ ఉత్తరమునకు పూచీ దానిదే. పంపినవాడు తన ప్రతిని చెరిపివేయవచ్చును. రిజిస్టరు ఉత్తరమునకు సంతకము చేసినట్లన్నమాట. గ్రహీత సర్వరు పలుకనిచో పంపువాడు ఉత్తరమును తనయొద్దనే యుంచుకొని మరల మరల ప్రయత్నింపవలెను. 2008 నాటి సవరించిన నియమము నాలుగైదు దినములైన విడువక ప్రయత్నింపుమని చెప్పుచున్నది.

దీనినుండి వింతయైన ఫలితము కలుగుచున్నది. రెండు ద్వారములును పూర్తిగ మూతపడినచో ఉత్తరములు వెంటనే నశింపవు, ఆలస్యమగును. ఒక ద్వారము ఉత్తరమును స్వీకరించి, 250 పలికి, లోనికి చేర్చకమునుపే కూలినచో ఆ ఉత్తరము దాని డిస్కులోని వరుసలో చిక్కుకొనును. రెండవ సర్వరు వెంటనే పని నందుకొనును, తెరపై అంతయు ఆకుపచ్చగ కనబడును, క్రొత్త మెయిళ్ళు వచ్చుచుండును. చిక్కుకొన్న నలువది ఉత్తరముల సంగతి మాత్రము ఎవరికిని తెలియదు. వరుసను రెండు యంత్రములకును నకలు చేయు ఏర్పాటు కొన్నిటిలో కలదు, కొన్నిటిలో లేదు. జంటలో ఏయే వస్తువులు నకలగుచున్నవి? నియమావళియా, నిలిపివేసిన లేఖల కొట్టా, వరుసయా? ఈ ప్రశ్నకు సమాధానము తెలియకుండ స్థితిని పరిశీలించుచున్నామనుట అర్థములేని మాట.

1986 జనవరిలో క్రెయిగ్ పార్ట్రిడ్జ్ వ్రాసిన నియమముతో ఎమ్.ఎక్స్. పద్దులు నిర్దేశింపబడినవి. ఒక సంస్థ తన మెయిలు ద్వారములను సంఖ్యాక్రమమున ప్రకటించును. తక్కువ సంఖ్య గలది మొదటి ద్వారము. అది పలుకనిచో రెండవదానికి పోవలెను. నమ్మకము మీద నడచిన ఆ కాలమున ఇది చక్కని యేర్పాటు. 1978 మే 3న గ్యారీ థ్యూర్క్ అను విక్రయాధికారి వందలమందికి ఒకేమారు పంపిన ప్రకటన మొదటి స్పామ్ అని ప్రసిద్ధి. ఐనను ఆ బెడద నిజముగా ముదిరినది 1990 తరువాతనే. అటు పిమ్మట స్పామ్ పంపువారొక కిటుకు కనుగొనిరి. మొదటి ద్వారమునకు గట్టి కాపలా పెట్టి, రెండవదానిని పాత నియమములతో వదలిన సంస్థలు అనేకము. వారు మొదటిదానిని తట్టకుండ తిన్నగ రెండవదానికే పోవసాగిరి. 1999 మార్చి 26న మెలిస్సా, 2000 మే 4న ఐలవ్‌యూ వైరసులు లోకమును గడగడలాడించిన పిదప, రెండు ద్వారములకును ఒకే నియమావళి యుండవలెననియు, అది రెండింట నొకే కూర్పుగా నున్నదో లేదో చూచుచుండవలెననియు స్థిరపడినది.

ఈ సందర్భమున రాజపాళయపు పేరును దేశమునకు చాటిన మఱొక కావలిని స్మరింపక తప్పదు. తెల్లని మేను, గులాబి ముక్కు గల రాజపాళయపు కుక్క 2005 జనవరి 9న తపాలా బిళ్ళపైకి ఎక్కినది. ఈ జాతి తెల్ల కుక్కలలో కొన్నిటికి పుట్టుచెవుడు కలుగునని పెంచువారెఱుగుదురు. చెవిటి కుక్కయు వాకిట లేచియే కూర్చుండును, తోక నాడించును, పెట్టిన కూడు తినును. దొంగ వచ్చిననాడు తప్ప లోపము బయటపడదు. కావున పెంచువారు పిల్లకు కనబడకుండ వెనుకనుండి చప్పట్లు కొట్టి చూతురు. స్టాండ్‌బై సర్వరు గుండెచప్పుడు పంపుచున్నదనుట కుక్క తోక నాడించుటవంటిది. ప్రాణమున్నదని తెలియును, వినికిడి యున్నదని తెలియదు. వైరసు గుర్తుల పట్టిక మూడు వారముల పాతది కావచ్చును, లైసెన్సు గడువు ముగిసి యుండవచ్చును, డిస్కు నిండి యుండవచ్చును. గుండె మాత్రము కొట్టుకొనుచునే యుండును.

థోర్ప్ దుర్ఘటనకు కంప్యూటర్లలో సరియైన సమానము స్ప్లిట్ బ్రెయిన్ అను స్థితి. రెండు సర్వర్లును బాగుగనే యుండి, వాని నడుమ నున్న తీగ మాత్రము తెగినచో, ఒక్కొక్కటి ఎదుటిది చనిపోయినదని తలచి రెండును ఒకే చిరునామాను పట్టుకొనును. అప్పుడు ఒక్కొక్క యంత్రపు తెరపై చూచిన అదియే ప్రధానము. దీనికి రెండు మందులు కలవు. మూడవ సాక్షి నొకనిని నిలిపి, ఇద్దరి మాట దొరకిననే అధికారము ననుభవించుట ఒకటి. అధికారము స్వీకరించుటకు ముందు ఎదుటిదాని విద్యుత్తును తెంచివేయుట రెండవది. టైయర్ బిళ్ళకును దీనికిని పోలిక సుస్పష్టము.

జంట సర్వర్లను పరిశీలింపక పోవుట యెంతకు వచ్చునో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సాఫ్ట్‌వేరు సంస్థలో జరిగిన సంఘటన చెప్పును. ఆ సంస్థ దాచక తానే ప్రకటించినది కావున వివరములు లభించుచున్నవి. దాని సమాచార నిలయమునకు రెండు సర్వర్లుండెను. రెండవది వెనుకబడగా, దానిని మరల నింపుటకై ఆ రాత్రి ఒక ఇంజనీరు రెండవదానిపై నున్న సమాచారమును తుడువబోయి ప్రధానమైనదానినే తుడిచెను. సుమారు ఆరు గంటల సమాచారము పోయినది. వెబ్‌సైటు దాదాపు 18 గంటలు నిలిచినది. ఇంతకంటె విచారింపదగినది పిదప తెలిసినది. దినదినము తీయవలసిన నకళ్ళు బహుకాలముగ విఫలమగుచునే యుండెను. ఆ వైఫల్యములను తెలుపు హెచ్చరికలు ఈ-మెయిలుగా వెలువడుచునే యుండెను. ఐతే పంపువాని నిజస్వరూపమును నిర్ధారించు డి.మార్క్ పరీక్షకు తగినట్లు ఆ లేఖలు సిద్ధము చేయబడలేదు. అందుచే గ్రహీత మెయిలు ద్వారమే వానిని త్రోసివేసెను. కావలివాడు తన యింటి ఆర్తనాదమునే లోనికి రానీయలేదు.

మెయిలు ద్వారపు సర్వర్ల విషయమున ఈ దృష్టాంతము మఱింత బలముగ వర్తించును. మెయిలు నడపు జంట చెడినదని మెయిలు ద్వారానే తెలియగోరుట, దారి తెగినదను వార్తను ఆ దారిన వచ్చు బండిలో పంపుటవంటిది. హెచ్చరిక టెలిఫోను సందేశముగ గాని, వేఱొక మార్గమున గాని రావలెను. హెచ్చరిక రాకపోవుటయు వార్తయే కావలెను. ప్రతిదినము ఉదయము ‘క్షేమము’ అను సందేశము నియతకాలమున రాకున్నచో ఎవరో యొకరు లేచి పోయి చూడవలెను.

రాజపాళయమునకు ఈ విద్య దూరమైనది కాదు. ఈ యూరి మిల్లు కుటుంబము నుండియే రామ్‌కో సిస్టమ్స్ అను సాఫ్ట్‌వేరు సంస్థ చెన్నపట్టణమున వెలసినది. 2013 నుండి రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఊరిలోనే ఇంజనీర్లను తయారుచేయుచున్నది. అట్టి ఇంజనీరు జంట సర్వర్ల బాధ్యత స్వీకరించిననాడు చేయవలసిన మొదటి పరీక్ష బహు చిన్నది. పని తక్కువగ నుండు ఆదివారము నాడు, ముందుగా చెప్పి, ప్రధాన సర్వరును స్వయముగ ఆపవలెను. బయటి చిరునామా నుండి ఒక ఉత్తరమును, హానిచేయని పరీక్షా వైరసు గల మఱొక ఉత్తరమును పంపవలెను. మొదటిది లోనికి రావలెను, రెండవది వాకిటనే నిలిచిపోవలెను. పిదప ఆపిన సర్వరును లేపి, దాని వరుసలో చిక్కిన లేఖలను లెక్కించి, అవి గ్రహీతలకు చేరినవో లేవో చూచి, తేదీ వేసి పుస్తకమున వ్రాసికొనవలెను.